నలభై మూడు సెంటీమీటర్ల కుర్చీ

"నా కుర్చీ కాళ్ళు ఎవరు కోశారు?" అని అడిగాను.

అడగాల్సిన పనే లేదు. వంటింటి గుమ్మం దాకా రంపపు పొట్టు పడి ఉంది. మావారి బనీను మీదా, కనుబొమల మీదా కూడా ఉంది.

"కొయ్యలేదు, సవరించాను," అన్నారాయన కొలత టేపు చుట్టుకుంటూ. "నలభై ఆరు ఉంది. నలభై మూడు ఉండాలి."

"ఉండాలని ఎవరన్నారు?"

"కాగితంలో ఉంది. కూర్చునే పలక నేల నుంచి నలభై మూడు సెంటీమీటర్లు. చేతులుండకూడదు. వీపు గోడకి ఆనించి పెట్టాలి. అక్కడ పరీక్ష ఆ ఎత్తులో పెట్టి, ఇంట్లో మనం ఇంకో ఎత్తులో సాధన చేస్తే ఆ కొలతకి అర్థమేముంది?"

"ఇంట్లో ఆరు కుర్చీలున్నాయి. నాదే దొరికిందా?"

"దాన్లో నువ్వెప్పుడు కూర్చున్నావు గనక?"

వెటకారంగా అని ఉంటే నాకు జవాబు దొరికేది. ఆయన వెటకారంగా అనలేదు. ఆరు కుర్చీలనూ చూసి, ఏది తక్కువ వాడుకలో ఉందో గమనించి, దాన్ని ఎంచుకున్నారు. వంటింటి వైపున్న కుర్చీ అది. అందరికీ వడ్డించడం అయ్యాక, సింకులో గిన్నెలు నానబోశాక, పది నిమిషాలు కూర్చుంటాను అందులో. ఆ పది నిమిషాల్లో ఆయన ఎప్పుడూ అక్కడ ఉండరు.

"ఇప్పుడు బల్ల నా గడ్డం దాకా వస్తుంది," అన్నాను.

"ఒక దిండు వేసుకో."

పక్కగదిలోంచి మా అత్తగారు కేకేసింది. "ఏమిట్రా పొద్దున్నే ఆ రంపం? ఎవరైనా పోయారా, పాడె గానీ కడుతున్నావా?"

"లేదమ్మా, కుర్చీ."

"అయితే నన్నెవరైనా లేపి కూర్చోబెట్టండి. ఆయా ఇంకా రాలేదు."

నేను వెళ్ళాను. తిరిగొచ్చేసరికి ఆయన ఆ కుర్చీని గోడకి ఆనించి, రెండు చేతులూ గుండెల మీద అడ్డంగా పెట్టుకుని, లేస్తూ కూర్చుంటూ ఉన్నారు. నా వేసవి అలా మొదలైంది.

కాగితం సంగతి చెప్పాలి. మా వీధి చివర గ్రంథాలయం వెనక ఒక హాలు ఉంది. ఫిజియోథెరపీ చదువుతున్న ఒక అమ్మాయి తన పరిశోధన కోసం ఆ హాలులో పన్నెండు వారాల కార్యక్రమం పెట్టింది. అరవై దాటినవాళ్ళ ఒంట్లో సత్తువ ఎంత, వ్యాయామం మీద ఆసక్తి ఎంత అన్నది ఆమె పరిశోధన. రోజూ ఉదయం ఆరు నుంచి ఏడు దాకా వ్యాయామం. మొదట ఒక పరీక్ష, మధ్యలో ఒకటి, చివర ఒకటి. మావారు ఆ ప్రకటన చూసి రెండు పేర్లూ రాసి వచ్చారు. నన్ను అడగలేదు. "ఇద్దరైతే పోల్చుకోవచ్చు" అన్నారు.

ఆయన తూనికలు కొలతల శాఖలో ముప్ఫై నాలుగేళ్ళు ఇన్‌స్పెక్టరుగా చేశారు. రాళ్ళకి, కాటాలకి ముద్రలు వెయ్యడం, దొంగ తూకాలు పట్టుకోవడం ఆయన పని. ఒకసారి ఒక దుకాణంలో తక్కెడ పళ్ళెం కింద అంటించిన అయస్కాంతాన్ని పట్టుకున్నారు. ఆ కేసు అయిపోయినా అయస్కాంతం మాత్రం మా ఫ్రిజ్ మీద ఉండిపోయింది. భోజనాల దగ్గర ఆయన తరచూ చెప్పే మాట ఒకటుంది: "తక్కువ తూచేవాడు ముల్లు చూడడు. కొనేవాడి మొహం చూస్తాడు. అంతే, పట్టేసుకోవచ్చు." పెళ్ళయిన కొత్తలో ఆ మాట నాకు గొప్పగా అనిపించింది. ముప్ఫై ఎనిమిదేళ్ళుగా వింటున్నాను.

మొదటి పరీక్ష రోజున హాలులో నలభై మందిమి ఉన్నాం. నేల మీద ఎప్పటివో ఆటల గీతలు, సగం చెరిగిపోయి ఉన్నాయి. ఆ అమ్మాయి మెడలో స్టాప్‌వాచీ వేసుకుని, చేతిలో అట్ట పట్టుకుని, ప్లాస్టిక్ శంకువుల మధ్య ఆరు నిమిషాల నడకతో మొదలుపెట్టింది. రిటైరైన పోస్ట్‌మాన్ ఒకాయన అందరినీ దాటి పోతుంటే మావారు నా చెవిలో, "సంచీలో ఇంకా ఉత్తరాలు మిగిలాయనుకుంటున్నాడు పాపం," అన్నారు. నేను నవ్వాను. ఆ వేసవిలో మేమిద్దరం కలిసి నవ్వింది అప్పుడేనేమో.

తర్వాత కుర్చీ పరీక్ష. చేతులు గుండెల మీద పెట్టుకుని, ముప్ఫై సెకన్లలో ఎన్నిసార్లు పూర్తిగా లేచి కూర్చోగలరో లెక్క. మావారికి పదకొండు వచ్చింది. నాకు పదిహేడు.

"పదిహేడా?" అన్నారాయన. "అమ్మాయ్, ఆ వాచీకి ముద్ర ఉందా?"

"ఏం ముద్ర అంకుల్?"

"సరిచూసినట్టు ముద్ర. నా తర్వాత దాన్ని కింద పెట్టావు, మళ్ళీ తీశావు. మధ్యలో ఏదైనా తేడా వచ్చిందేమో."

"మళ్ళీ చెయ్యమంటారా ఆంటీని?"

మళ్ళీ చేశాను. పద్దెనిమిది వచ్చింది. ఆ అమ్మాయి నియమం ప్రకారం మొదటి అంకెనే రాసుకుంది. పిడికిలి బిగించే పరికరం మీద ఆయనకి నా కంటే ఎక్కువ వచ్చింది. దాంతో మొహం కాస్త తేటపడింది.

"ఈ వయసు ఆడవాళ్ళలో ఇంత బిగువు నేను చూడలేదాంటీ," అంది ఆ అమ్మాయి. "ఏం చేస్తుంటారు మీరు? నడకా? ఈతా? యోగా?"

"ఏమీ లేదమ్మా. ఇంట్లోనే ఉంటాను."

ఆమె ఫారంలో వెతికి, శారీరక శ్రమ లేనివారు అనే గడిలో టిక్కు పెట్టింది. ఆమె తప్పు కాదు. ఆ ఫారంలో నాకు సరిపోయే గడి అదొక్కటే ఉంది.

చివర ప్రశ్నల కాగితాలు ఇచ్చింది. వ్యాయామం ఎందుకు చేస్తున్నారు? ఆరోగ్యం కోసం. డాక్టరు చెప్పారు కనుక. నలుగురిలో కలవచ్చని. చెయ్యకపోతే తప్పు చేసినట్టు అనిపిస్తుంది కనుక. ఒక్కో వాక్యానికి ఒకటి నుంచి అయిదు వరకు అంకెలు, గుండ్రంగా చుట్టాలి. అన్నిటికన్నా కింద, మీ సొంత మాటల్లో కారణం రాయండి అని మూడు ఖాళీ గీతలు. మావారు ఆ గీతలు దాటి అంచుల్లో కూడా రాశారు. నేను చాలాసేపు పెన్ను పట్టుకుని కూర్చున్నాను. నా కోరికలు ఏమిటని ఇంటర్వ్యూల్లో అడుగుతారని కాలేజీ రోజుల్లో మా లెక్చరర్ చెప్పింది. ఇంటర్వ్యూకి వెళ్ళే అవసరం రాలేదు కనుక ఎవరూ అడగలేదు. గీతలు ఖాళీగానే ఇచ్చేశాను.

తర్వాతి ఆరు వారాల గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. అందుకే అవి బాగున్నాయి. ఆయా అయిదున్నరకి వచ్చేది. గుమ్మం దగ్గర తన నీలం చెప్పులు ఒకదాని మీద ఒకటి పెట్టి, చేతులు కడుక్కుని, అత్తగారి గదిలోకి వెళ్ళేది. ఆమెను లేపి, స్నానం చేయించి, పక్క మార్చి, ఎనిమిదింటికి వెళ్ళేది. మళ్ళీ సాయంత్రం వచ్చేది. పగలు మధ్యలో లేపడం, దింపడం నా పని. ఆయా వచ్చాక నేను ఆరింటికి అయిదు నిమిషాలుందనగా ఇంట్లోంచి బయటపడేదాన్ని. రబ్బరు పట్టీలు లాగడం, ఒంటికాలి మీద నిలబడటం, గోడని తోయడం. ఎవరి కోసమూ కాని పని చేస్తే చేతులు ఎంత తేలికగా ఉంటాయో అప్పటిదాకా నాకు తెలియదు. గోడని అంతసేపు తోసినా గోడ ఏమీ అడగదు. ఏడింటికి మావారు మగవాళ్ళతో టీకి ఆగేవారు. నేను దగ్గరి దారి వదిలేసి రైలు కట్ట పక్కనుంచి చుట్టూ తిరిగి వచ్చేదాన్ని.

మధ్య పరీక్షలో మావారికి పదమూడు, నాకు ఇరవై ఒకటి వచ్చాయి. ఈసారి మూడు గీతల్లో ఒక గీత నింపాను. ఈ గంటసేపు నన్నెవరూ పిలవరు, అని రాశాను.

ఆ అమ్మాయి చదివి, పెన్ను మూత తీసి, మళ్ళీ పెట్టింది.

"దీన్ని ఏ కోవలో వెయ్యాలో నాకు తెలీట్లేదాంటీ," అంది. "ఆరోగ్యం కాదు, ఆనందం కాదు, స్నేహం కాదు."

"తెలియకపోతే వదిలెయ్యమ్మా."

"వదలను," అంది ఆ పిల్ల.

వారం తర్వాత రిపోర్టులు వచ్చాయి. మావారు రెండిటినీ ఫ్రిజ్ మీద ఆ అయస్కాంతం కింద పెట్టారు. నా దాంట్లో చివరి వాక్యం ఇది: ఈమె దారుఢ్యం నలభై అయిదేళ్ళ స్త్రీల సగటుతో సమానం. ఆయన నీళ్ళ సీసా తీసుకోవడానికి వచ్చి, తలుపు తియ్యకుండా, ఆ వాక్యం ముందు చాలాసేపు నిలబడ్డారు. రెండు రోజులు నాతో అవసరానికి తప్ప మాట్లాడలేదు. మూడో రోజు భోజనాల దగ్గర హుషారుగా ఉన్నారు.

"ప్రతి కాటా మీదా దాని సామర్థ్యం చెక్కి ఉంటుంది తెలుసా?" అన్నారు మా అబ్బాయితో. "యాభై కిలోల కాటా మీద కిలో, అరకిలో తూచుకుంటూ కూర్చోకూడదు. పాడైపోతుంది. దాని సత్తా కొద్దీ వాడాలి."

అబ్బాయి ఫోన్‌లోంచి తల ఎత్తకుండా "నిజమే నాన్నా" అన్నాడు. వాడూ, కోడలూ పై అంతస్తులో ఉంటారు. ఇద్దరివీ ఉద్యోగాలు. రాత్రి భోజనానికి మాత్రం కిందికి వస్తారు. నాకప్పుడు ఆ మాట ఎందుకొచ్చిందో అర్థం కాలేదు. కూర గిన్నె ఆయన వైపు జరిపాను.

సోమవారం అర్థమైంది. ఆ రోజు ఆయా ఆలస్యమవుతుందని, తను ఇంటి దగ్గరుంటానని, నన్ను హాలుకి వెళ్ళమని ఆయనే అన్నారు. ఏడుంబావుకి తిరిగొచ్చాను. గుమ్మం దగ్గర నీలం చెప్పులు లేవు.

అత్తగారు గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. పక్క తడిసింది. దుప్పటి అంచు పిడికిట్లో పట్టుకుని ఉంది.

"ఆయా రాలేదా అత్తయ్యా?"

"రాదు. నీ మొగుడు ఇక రావద్దన్నాడట. నిన్న సాయంత్రమే చెప్పాడట." గోడతోనే మాట్లాడుతోంది. "నేనేమన్నా మూటనా? ఎవరు మొయ్యాలో మీరు మీరు అనుకోవడానికి?"

"ఆయనున్నారుగా ఇంట్లో. పిలవలేకపోయారా?"

"పిలిచాను. వస్తుంది, ఆగమ్మా అన్నాడు. వస్తుంది అన్నాడు, వస్తాను అనలేదు."

పక్క మార్చి, స్నానం చేయించి, ఎనిమిదిన్నరకి వంటింట్లోకి వచ్చాను. ఆయన పేపరు చదువుతున్నారు.

"ఏమండీ, ఆయాని మానిపించారట."

"బయటి మనిషి ఇంట్లో ఎన్నాళ్ళోయ్? నువ్వు చెయ్యలేనప్పుడు పెట్టుకున్నాం. ఇప్పుడు రిపోర్టు చూశావుగా. నలభై అయిదేళ్ళ మనిషివి. ఆయాకి యాభై మూడు." తన లెక్క తనకే నచ్చినట్టు పేపరు మడిచారు. "అమ్మ బరువు తూచాను. యాభై రెండు కిలోలు. ఇరవై ఒక్కసార్లు నీ ఒళ్ళు నువ్వు లేపగలిగినదానివి, అమ్మని రోజుకు నాలుగుసార్లు లేపలేవా?"

"మరి హాలు?"

"నీకింక హాలెందుకు?" అన్నారు. ఆయన మొహంలో ఆశ్చర్యం నిజమైనదే.

సాయంత్రం అబ్బాయితో చెప్పాను. "నాన్న చెప్పిందాంట్లో లాజిక్ ఉందమ్మా," అన్నాడు. కోడలు వాడి వైపు చూసి, నా వైపు చూసి, కంచం తీసుకుని లేచిపోయింది.

ఒక మనిషిని లేపడానికి ఒక పద్ధతి ఉంది. నా మోకాలు ఆమె మోకాలికి ఆనించాలి. నా చేతులు ఆమె చంకల కింద నుంచి వీపు దాకా వెళ్ళాలి. ఒకటి, రెండు, మూడు అని ఇద్దరం అనాలి. మూడు దగ్గర ఆమె ఊపిరి బిగబట్టకూడదు, నేను వంగకూడదు. ఆయా నాకు ఎప్పుడో నేర్పింది. పొద్దున అయిదున్నరకి లేపితే, స్నానం, పక్క, టిఫిను అయ్యేసరికి ఏడు దాటేది. మావారు ఆరింటికి అయిదు నిమిషాలుందనగా తెల్లని బూట్లు వేసుకుని బయల్దేరేవారు.

"ఆయా చేతులు చల్లగా ఉండేవి అమ్మాయ్," అనేది అత్తగారు. "నీ చేతుల నిండా తొందరే."

"ఇంకో పని ఉంటుంది కదత్తయ్యా."

"గోళ్ళయినా కత్తిరించుకో. నిన్న గీసుకుంది."

ఆమె నోటికి నేను ముప్ఫై ఎనిమిదేళ్ళు భయపడ్డాను. ఇప్పుడామె బరువంతా నా భుజం మీద ఉన్నప్పుడు కూడా ఆ నోరు నా చెవి పక్కనే ఉండేది. గోళ్ళు కత్తిరించుకున్నాను.

ఒకరోజు మావారు హాలు నుంచి వచ్చి, "నీ గురించి అడిగింది ఆ అమ్మాయి. ఎందుకు రావట్లేదని," అన్నారు.

"ఏమన్నారు?"

"ఇంట్లోనే వ్యాయామం అయిపోతోందిలే అన్నాను." నవ్వారు. తను చెప్పింది చమత్కారంగా ఉందనుకున్నారు.

చివరి పరీక్షకి ఆ అమ్మాయే ఫోన్ చేసింది. "మీరు రాకపోతే మీ ముందు కొలతలన్నీ పక్కన పెట్టెయ్యాల్సి వస్తుందాంటీ. ఒక్క గంట రండి. ఇంకో మంచి మాట, ఈ పొద్దుటి క్లాసు ఇంతటితో ఆపట్లేదు. కాలేజీ వాళ్ళు ఇంకో ఏడాది సాగించమన్నారు."

ఆదివారం పదింటికి వెళ్ళాం. అత్తగారి దగ్గర కోడలు కూర్చుంది. హాలులో మావారు ముందు. పద్నాలుగు. లేచి నిలబడి అందరి వైపూ ఒకసారి చూసి, వెళ్ళి బెంచీ మీద పోస్ట్‌మాన్ పక్కన కూర్చున్నారు.

నా వంతు వచ్చింది. చేతులు గుండెల మీద పెట్టుకున్నాను. లేచాను, కూర్చున్నాను. తొమ్మిదోసారి కూర్చున్నాక మళ్ళీ లేవలేదు.

ఆ అమ్మాయి వాచీ చూసుకుంది. సగం టైము పైగా మిగిలే ఉంది. ముప్ఫై సెకన్లు పూర్తయ్యేదాకా మేమిద్దరం అలాగే ఉన్నాం. పిడికిలి పరికరాన్ని కోడిగుడ్డు పట్టుకున్నట్టు పట్టుకున్నాను.

"కాసేపు ఆగి మళ్ళీ చేద్దామా ఆంటీ?" అంది మెల్లగా.

"ఉన్నది రాసుకోమ్మా."

"మీ కాళ్ళు వణకలేదు. ఊపిరి కూడా పెరగలేదు."

"రాసుకో."

అప్పుడు గమనించాను. నేను వాచీ వైపు ఒక్కసారి కూడా చూడలేదు. మొదటి నుంచీ ఆ పిల్ల మొహమే చూస్తున్నాను. పది అడుగుల దూరంలో, ముప్ఫై నాలుగేళ్ళు అలాంటి మొహాల్ని పట్టుకున్న మనిషి, పోస్ట్‌మాన్‌కి తన పద్నాలుగు సంగతి వివరిస్తున్నారు.

ఆమె తొమ్మిది అని రాసింది. ప్రశ్నల కాగితం ఇస్తూ, "నలభై మందిలో వెనక్కి వెళ్ళింది మీరొక్కరే. ఎందుకని మా మేడమ్ అడుగుతుంది. ఏం చెప్పను?" అంది. ఈ ఊళ్ళో నన్ను ఏదైనా ఎందుకు అని అడిగినది ఆ పిల్ల ఒక్కతే. ఆమెకే దొంగ తూకం ఇచ్చాను. ఆ సంగతి ఇప్పటికీ నాకు మింగుడుపడదు. మూడు గీతలూ ఖాళీగా ఇచ్చి వచ్చేశాను.

ఆ మధ్యాహ్నం మావారు నిద్రపోయారు. నా కాళ్ళు ఒకచోట నిలవలేదు. చెయ్యాల్సిన పని సగంలో ఆపేసినట్టు తొడలు ఒకటే పీకుతున్నాయి. కోసిన కుర్చీ తీసుకెళ్ళి అత్తగారి గదిలో గోడకి ఆనించి పెట్టాను. ముందుగదిలో పెడితే ఆయనకి మెలకువ వస్తుందని.

"ఏమిటే అది?" అంది ఆమె.

"మీరు గడియారం చూడండత్తయ్యా. సెకన్ల ముల్లు ఆరు మీద ఉన్నప్పుడు మొదలుపెట్టమనండి, పన్నెండు దగ్గర ఆపమనండి."

ఆమె కళ్ళజోడు సరిచేసుకుంది. "ఊఁ. కానీ."

నేను లేస్తుంటే ఆమె లెక్కపెట్టింది. మొదట గొణుగుతూ, పది దాటాక పైకే, ఇరవై దాటాక మంచం పట్టీ మీద వేలితో కొడుతూ. "ఇరవై నాలుగు. ఆపు, ఆపు. పన్నెండు మీదికి వచ్చింది." అలుపు నాకంటే ఆమెకే ఎక్కువ వచ్చినట్టుంది. "అక్కడెంత చేశావు?"

"తొమ్మిది."

ఆమె కాసేపు కప్పు వైపు చూసింది. తర్వాత పొట్ట కదిలేలా నవ్వింది.

"వీడి నాన్న ఉన్నప్పుడు మూడు నెలలు నడుం నొప్పని పడుకున్నాను. నొప్పీ లేదు, గిప్పీ లేదు. ఇంట్లో పదకొండు మంది. వంట నేనొక్కదాన్నే." నవ్వు ఆగిపోయింది. "మూడు నెలలయ్యాక ఏం చేశారనుకున్నావు? పనికిరాని నడుమని, బయటికి ఎక్కడికీ తీసుకెళ్ళడం మానేశారు. పొయ్యి మాత్రం నాకే వదిలేశారు. కూర్చుని వండమని ఒక పీట కొనిచ్చారు."

కుర్చీ తీసుకుని నేను బయటికి వచ్చేశాను.

రిపోర్టు శుక్రవారం వచ్చింది. ఆయన రోజంతా దాన్ని జేబులో పెట్టుకుని తిరిగారు. రాత్రి భోజనానికి అందరం చేరాం. అత్తగారిని కూడా చక్రాల కుర్చీలో బల్ల దగ్గరికి తెచ్చాను. ఆయన గొంతు సవరించుకున్నారు.

"మీ అమ్మ విషయం ఆలోచించాను," అన్నారు అబ్బాయితో. "ఇరవై ఒకటి నుంచి తొమ్మిదికి పడిపోయింది. పిడికిలి సగానికి సగం. మనిషి మాట అబద్ధం కావచ్చు గానీ పరికరం అబద్ధం చెప్పదు. సోమవారం నుంచి ఆయాని మళ్ళీ రమ్మన్నాను."

కూర వడ్డించబోతున్న గరిటె గిన్నెలో పెట్టేశాను.

"రెండోది," అన్నారాయన నా వైపు తిరిగి. "హాలు మానెయ్. ఆ ఆరు వారాలు అతిగా చెయ్యబట్టే ఇలా అయింది. నీ శరీరం ఇంటిపనికి అలవాటు పడింది, ఇంట్లోనే ఉండు. నేను ఆ అమ్మాయికి ఫోన్ చేసి నీ పేరు తీసెయ్యమన్నాను."

"మంచిదేనమ్మా," అన్నాడు అబ్బాయి. "రెస్ట్ తీసుకో."

అత్తగారు నా వైపు చూసింది. ఆ చూపులో ఒక పీట ఉంది.

నేను వడ్డించడం ఆపి, నా కుర్చీ లాక్కుని కూర్చున్నాను. అందరూ తింటుండగా నేను కూర్చోవడం చూసి కోడలు జరిగి చోటిచ్చింది. బల్ల అంచు నా గుండెల దగ్గరికి వచ్చింది. దిండు వేసుకోలేదు.

"ఆ తొమ్మిది దొంగ తూకం," అన్నాను. "నేనే తగ్గించాను."

అబ్బాయి మొట్టమొదటిసారి ఫోన్ కింద పెట్టాడు.

"ఏమిటీ?" అన్నారాయన.

"కావాలనే లేవలేదు. పిడికిలి కూడా బిగించలేదు. ఆయా తిరిగి రావాలని చేశాను. మీరక్కడే ఉన్నారు. నేను ముల్లు చూడలేదు, ఆ పిల్ల మొహమే చూశాను. మీరు పట్టుకోలేదు."

ఆయన మొహం ఎర్రబడింది. అరుస్తారనుకున్నాను. ఎందుకలా చేశావని అడుగుతారని కూడా అనుకున్నాను. ఒక్క క్షణం, ఆశపడ్డాను కూడా. ఆయన జేబులోంచి రిపోర్టు తీసి, మడత విప్పి, తొమ్మిది అన్న అంకె మీద వేలు పెట్టారు.

"అయితే అసలెంత?" అన్నారు.

నేను అత్తగారి వైపు చూశాను. ఆమె తల వంచుకుని ముద్ద నములుతోంది. చాలాసేపు నమిలింది.

"అది మీకు అక్కర్లేదు," అన్నాను. "మీరు తీయించిన పేరు రేపు నేనే వెళ్ళి మళ్ళీ రాయిస్తాను. ఆ పిల్లకి నిజం కూడా చెబుతాను. సోమవారం నుంచి ఆరింటికి హాలుకి వెళ్తాను. ఆయా వస్తే ఆయా లేపుతుంది. ఆయాకి మళ్ళీ రావద్దని చెప్పాలనిపిస్తే, చెప్పండి. అప్పుడు అత్తయ్యని మీరు లేపుతారు. మీకు పద్నాలుగు వచ్చింది. యాభై రెండు కిలోలకి చాలు."

అత్తగారు ముద్ద మింగి, నీళ్ళు తాగి, గ్లాసు బల్ల మీద పెట్టింది.

"ఒరేయ్," అంది కొడుకుతో. "ఎందుకైనా మంచిది, గోళ్ళు కత్తిరించుకో."

ఆయన ఆమె మాట విన్నట్టు లేదు. వేలు ఇంకా కాగితం మీదే ఉంది. అంకె కోసం నా మొహంలోకే చూస్తున్నారు. నేను కూర గిన్నె నా వైపు లాక్కుని, ముందు నాకు వడ్డించుకున్నాను.